బరువు వేసి చూడవలయును

ఖాళీ బండి నడకను జూచి యిరుసు బలమును నిర్ణయించు రైతు లేడు. సంఘపు లెక్కలకై సాఫ్టువేరు కొనునపుడును ఈ వివేకమే కావలయును. 2013 అక్టోబరు 1వ తేదీన అమెరికా కేంద్రప్రభుత్వము ఆరోగ్య బీమాకై తెరచిన వెబ్‌సైటు జనుల తాకిడికి తొలిదినముననే స్తంభించెను. ఆనాడు బీమాలో చేరగలిగినవారు ఆరుగురే. మొదలునుండి తుదివరకు పూర్తి పరీక్ష చివరి రెండు వారములలోనే జరిగెనని గుత్తదారులు పిమ్మట సాక్ష్యమిచ్చిరి.

కావున మేము సభ్యులకు మనవి చేయునదేమన, ఒప్పందముపై చేవ్రాలు చేయకమునుపే ఈ షరతులు వ్రాయించుకొనుడు. బాకీల గడువు దినమున వచ్చు పనికి రెట్టింపు పనితో పరీక్ష జరుగవలయును. ఎంత ఆలస్యమును సహింపవచ్చునో అంకెలలో నుండవలయును. తప్పినచో సరిచేయు ఖర్చు గుత్తదారునిదే. నెగ్గువరకు తుదివాయిదా సొమ్ము చెల్లింపరాదు.

గడువులోపల తీర్చిన పంటఋణమునకు లభించు 3 శాతము వడ్డీ రాయితీ, యంత్రము నిలిచిన ఒక్క దినమున రైతు చేజారవచ్చును.