ఒక్క తీగ తెగితే 38 రోజులు

2022 జనవరి 15న పసిఫిక్‌లో హుంగా టోంగా అగ్నిపర్వతం పేలింది. సుమారు లక్ష జనాభా ఉన్న టోంగాను బయటి ప్రపంచంతో కలిపే సముద్ర కేబుల్ ఒక్కటే. అదీ తెగిపోయింది. అయినవాళ్లు బతికున్నారో లేదో న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల్లోని టోంగన్లకు రోజుల తరబడి తెలియలేదు.

827 కి.మీ.

టోంగా నుంచి ఫిజీలోని సువా వరకు ఈ కేబుల్ పొడవు. 2013లో సేవలు మొదలయ్యాయి. లోపలి గాజు పోగులు వెంట్రుకంత సన్నం. వాటిలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కి.మీ. పోతుంది కాబట్టి సువా చేరడానికి 4 మిల్లీసెకన్లు చాలు. 36,000 కి.మీ. ఎత్తున ఉండే ఉపగ్రహం దాకా వెళ్లి దిగాలంటే దాదాపు 240 మిల్లీసెకన్లు పడుతుంది. పైగా కేబుల్ మోసే సమాచారంలో అది మోయగలిగేది కొంతే.

గంటకు 122 కి.మీ.

పైకెగసిన బూడిద, రాళ్లు తిరిగి సముద్రంలో పడి, అడుగున ఇంత వేగంతో దూసుకెళ్లాయని 2023లో వెలువడిన పరిశోధన లెక్కగట్టింది. సుమారు 90 కి.మీ. కేబుల్ దెబ్బతింది.

38 రోజులు

మరమ్మతు నౌక పపువా న్యూగినీ నుంచి రావాలి. కొక్కేలతో కేబుల్‌ను వెతికి పైకి లాగాలి, పాడైన భాగం కోసి కొత్తది అతకాలి. ఫిబ్రవరి 22న లైన్ తిరిగొచ్చింది. వవావు వంటి దూర దీవులకు వెళ్లే దేశీయ కేబుల్ బాగయ్యేసరికి ఏడాదిన్నర పట్టింది. జీడీపీలో మూడో వంతుకు మించిన మొత్తం విదేశాల్లోని తమవారు పంపే డబ్బే అయిన దేశానికి ఇది చిన్న దెబ్బ కాదు.

17 కేబుళ్లు

ప్రపంచంలో ఏటా 150 నుంచి 200 సార్లు కేబుళ్లు దెబ్బతింటాయి. ఎక్కువగా లంగర్లు, చేపల వలల వల్లే. మనకు తెలియకపోవడానికి కారణం, సమాచారం వేరే దారి పట్టడమే. 2023 చివరికి భారత్‌కు 17 అంతర్జాతీయ కేబుళ్లున్నాయి. ఎక్కువ భాగం ముంబై, చెన్నైల్లోనే ఒడ్డెక్కుతాయి. 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో కేబుళ్లు తెగినప్పుడు మన దేశంలోనూ ఇంటర్నెట్ నెమ్మదించింది.

విశాఖలో కొత్త అంతర్జాతీయ కేబుళ్లను ఒడ్డుకు చేరుస్తామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. వాటి గురించి మనం ముందుగా అడగాల్సింది వేగం సంగతి కాదు. ఇప్పుడున్న వాటికి దూరంగా, వేరే దారిలో వస్తాయా అన్నది. అలా వస్తేనే ఒకచోట తెగినా దేశం ఆగదు.