20 పౌండ్లకు నిలిచిన దేవాలయం

ఇంగ్లండు పశ్చిమ భాగంలో, మాల్వర్న్ కొండల పాదాన ఒక పాత రాతి దేవాలయం ఉంది. దాని పేరు గ్రేట్ మాల్వర్న్ ప్రయరీ. ప్రయర్ అనే పెద్ద ఆధ్వర్యంలో నడిచే సన్యాసుల మఠాన్ని ప్రయరీ అంటారు. ఆ మఠం మూతపడి దాదాపు 500 ఏళ్లు కావస్తోంది. దేవాలయం మాత్రం నేటికీ ఆ ఊరి సంఘానిదే. ఆదివారం ఆరాధన అక్కడ జరుగుతూనే ఉంది. ఇది ఎలా సాధ్యమైంది?

1085 ప్రాంతంలో ఆల్డ్విన్ అనే సన్యాసి ఇక్కడ బెనెడిక్టు నియమాన్ని అనుసరించే మఠాన్ని స్థాపించాడు. ఆనాటి లావైన గుండ్రని స్తంభాలు ఇప్పటికీ కప్పును మోస్తున్నాయి. 15వ శతాబ్దంలో సన్యాసులు దేవాలయాన్ని పెంచి కట్టి, గోపురం లేపి, కిటికీలకు రంగుటద్దాలు పెట్టించారు. సృష్టి, నోవహు, అబ్రాహాము కథలు వాటిలో చూడవచ్చు. మరియ కీర్తనను చూపే పెద్ద కిటికీ ఏడవ హెన్రీ రాజు ఇచ్చిన కానుక.

తండ్రి కిటికీ ఇస్తే, కొడుకు మఠాన్నే మూయించాడు. ఎనిమిదవ హెన్రీ దేశంలోని మఠాలన్నిటినీ రద్దు చేసి, వాటి ఆస్తులు స్వాధీనం చేసుకున్నాడు. అప్పటి వూస్టర్ బిషప్ హ్యూ లాటిమర్ సంస్కరణవాది; తరువాత 1555లో విశ్వాసం కోసం ఆక్స్‌ఫర్డ్‌లో సజీవ దహనమైనవాడు. అటువంటివాడు కూడా మాల్వర్న్ పక్షాన రాజమంత్రి థామస్ క్రామ్‌వెల్‌కు ఉత్తరం రాశాడు. సన్యాస జీవితం కోసం కాకపోయినా వాక్యబోధకు, విద్యకు, అతిథి సత్కారానికి దాన్ని ఉంచమన్నాడు. ఆ మనవి ఫలించలేదు.

అప్పటికి ఊరివాళ్ల సొంత దేవాలయం పక్కనే శిథిలావస్థలో ఉంది. వారు 1541లో మఠ దేవాలయాన్ని 20 పౌండ్లకు కొనుక్కున్నారు. ఆ రోజుల్లో సామాన్యులకు అది చిన్న మొత్తం కాదు. తూర్పు చివరనున్న మరియ ప్రార్థనాలయమూ, దక్షిణపు రెక్కా కూల్చివేతకు గురయ్యాయి. మిగిలినది నిలిచింది. కొన్నా, దాన్ని బాగుచేయించుకునే స్తోమత తరతరాలుగా వారికి అంతంతమాత్రమే. 1860లో జార్జ్ గిల్బర్ట్ స్కాట్ ఆధ్వర్యంలో పెద్ద మరమ్మతు జరిగింది. దేశంలో ఎన్నో చోట్ల పగిలిపోయిన మధ్యయుగపు అద్దాలు ఇక్కడ మాత్రం విస్తారంగా మిగిలాయి.

ప్రియులారా, రాజు కానుక ఈ దేవాలయాన్ని కాపాడలేదు, బిషప్ సిఫారసూ కాపాడలేదు. ఆరాధించడానికి చోటు కావాలనుకున్న సామాన్య విశ్వాసులు చందాలు పోగుచేసి కాపాడుకున్నారు. మన మందిరం కప్పు కారుతున్నప్పుడు ఎవరో దాత వస్తాడని ఎదురుచూస్తున్నామా? మాల్వర్న్ సంఘం ఎదురుచూసి ఉంటే, ఈ రోజు అక్కడ రాళ్ల కుప్ప మాత్రమే ఉండేది.