తాతమ్మ పేరేమిటి?



ముత్తాతగారి పేరడిగితే ఠక్కున చెప్తాం. మరి ఆయన భార్య పేరో? "తాతమ్మా అనేవాళ్లం" అని ఊరుకుంటాం. వంశవృక్షం గీసినవాళ్లు కొమ్మకొమ్మకీ మగవాళ్ల పేర్లే రాశారు. పెళ్లయి ఇంటిపేరు మారిన ఆడపిల్ల ఒక చెట్టులోంచి జారిపోతుంది, రెండో చెట్టుకి ఎక్కదు.

అలాగని దారి లేకపోలేదు. మన కోనసీమలో ఆడపిల్లకి పసుపు కుంకుమ కింద ఓ కొబ్బరితోటో, నాలుగు కుంచాల పొలమో రాసివ్వడం ఉంది కదా! ఆ దస్తావేజులో ఆవిడ పేరు, తండ్రి పేరు, భర్త పేరు, ఊరు, హద్దులు అన్నీ ఉంటాయి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఫీజు కట్టి నకలు తీసుకోవచ్చు. సర్వే నంబరు తెలిస్తే వెతకడం సులువు. కరణంగారి లెక్కలంటారా? 1984లో కరణీకాలు రద్దయినప్పుడు అవన్నీ ప్రభుత్వానికి చేరాయని నేననుకోను. అటక మీద చెదలకి దక్కినవే ఎక్కువేమో!

సముద్రం దాటినవాళ్ల సంగతి వేరు. 1834 తర్వాత మారిషస్ చెరకు తోటలకి ఒప్పందపు కూలీలుగా మన దేశం నుంచి దాదాపు 4,50,000 మంది వెళ్లారు. మనకి దగ్గరలోనే ఉన్న కోరంగి రేవులో ఓడెక్కినవాళ్లున్నారు. అక్కడి తెలుగువాళ్లకి కోరంగీలనే పేరే పడింది. దిగినవాళ్లకి ఆడా మగా తేడా లేకుండా నంబరు వేసి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాసుకున్నారు. 1860ల నుంచి ఫొటోలూ తీశారు. ప్రేమతో కాదు లెండి, కూలీ పారిపోతే పట్టుకోవడానికి. ఆ పుస్తకాలు మోకా ఊళ్లో మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నాయి. ఇంటిపట్టున ఉన్న తాతమ్మ పేరు మాసిపోయింది, కూలికి పోయినావిడ పేరు మిగిలింది. చిత్రం కాదూ?

అయితే అందులో ఊరి పేరు దొర చెవికి ఎలా వినపడితే అలా ఉంటుంది. 1859కి ముందు మనది రాజమండ్రి జిల్లా, తర్వాత గోదావరి, 1925 నుంచి తూర్పు గోదావరి, 2022 నుంచి కోనసీమ. కొత్తపేటలా, ఆంధ్రదేశంలో ఎన్నని! తాలూకా చూడకుండా "మా ఊరే" అనేసుకోకండి.

ముందు ఇంట్లో పెద్దావిడ దగ్గర కూచోండి. పుట్టింటి ఇంటిపేరు, అమ్మ పేరు, అమ్మమ్మ పేరు అడిగి రాసుకోండి. తారీఖులు అడిగితే చెప్పలేరు. "1953 గోదావరి వరదకి ముందా, తర్వాతా?" అనండి, ఇట్టే చెప్తారు. ఆ కాగితం మీదే మీ పేరూ రాయండి, పుట్టింటి పేరూ మెట్టినింటి పేరూ రెండూ కలిపి.