ఆర్మీనియన్ ప్రవాసులు – ముస్లిం దేశాలలో వారి జీవితం, అస్తిత్వం

పుట్టిన గడ్డను వదలి పరాయి దేశాలలో స్థిరపడిన జాతులు చరిత్రలో అనేకం వున్నాయి. వాటిలో చాలామటుకు కొన్ని తరాలలోనే ఆశ్రయమిచ్చిన సమాజంలో కలిసిపోయాయి. అలా కలిసిపోకుండా శతాబ్దాల తరబడి తమ పేరును, భాషను, మతాన్ని నిలుపుకున్న కొద్ది జాతులలో ఆర్మీనియన్లు ఒకరు. నేటి ఆర్మీనియా గణతంత్రంలో సుమారు 30 లక్షల మంది నివసిస్తుండగా, అంతకంటె ఎక్కువమంది ఆర్మీనియన్లు రష్యా, అమెరికా, ఫ్రాన్సు మొదలైన దేశాలలో వున్నారు. చెదిరిపోయిన ఈ సమాజాన్ని వారి భాషలో ‘స్ప్యూర్క్’ అంటారు.

ఇస్లామీయ చరిత్రను అధ్యయనం చేసేవారికి ఈ విషయం రెండు కారణాల వల్ల ముఖ్యమైనది. వారి ప్రవాస కేంద్రాలలో ఇస్ఫహాన్, ఇస్తాంబూల్, హలబ్ (అలెప్పో), జెరూసలేం, కైరో వంటి ప్రసిద్ధమైనవి ముస్లిం పాలనలో వర్ధిల్లిన నగరాలు. అంతేగాక, ముస్లిమేతర వర్గానికి ఇచ్చిన రక్షణ హామీ నిలిచినప్పుడు ఏం జరిగిందో, అది భగ్నమైనప్పుడు ఏం జరిగిందో ఈ చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది.

మతం, భాష, లిపి

ఆర్మీనియన్లు 4వ శతాబ్ది ఆరంభంలో క్రైస్తవాన్ని రాజ్య మతంగా స్వీకరించారు. వారి చర్చి అటు రోముకు గాని, ఇటు కాన్‌స్టాంటినోపిలుకు గాని లోబడినది కాదు. సుమారు 405లో మెస్రోప్ మాష్టోట్స్ అనే మతాచార్యుడు ఆ భాషకు 36 అక్షరాల లిపిని రూపొందించాడు. ఆ చర్చి, ఆ భాష, ఆ లిపి మరే జాతికీ చెందనివి. 1375లో సిలీషియాలోని వారి చివరి రాజ్యం మమ్లూకుల చేతిలో పతనమైంది. ఆ తర్వాత 1918 వరకు వారికి స్వతంత్ర రాజ్యమన్నది లేదు. అయినా జాతి అంతరించలేదు. రాజ్యాన్ని మూటగట్టుకొని వెళ్ళలేరు గాని, ప్రార్థనను, అక్షరాలను ఎక్కడికైనా తీసుకొనిపోవచ్చు.

ఇస్ఫహాన్ నుండి మచిలీపట్నం దాకా

ఉస్మానియా సైన్యాలతో యుద్ధం సాగుతున్న కాలంలో, 1604–05 ప్రాంతంలో, సఫవీ చక్రవర్తి షా అబ్బాస్ అరస్ నది ఒడ్డున వున్న జుల్ఫా పట్టణాన్ని ఖాళీ చేయించి ఆర్మీనియన్లను బలవంతంగా ఇరాన్ నడిబొడ్డుకు తరలించాడు. దారిలో ఎంతోమంది చనిపోయారు. ప్రాణాలతో చేరినవారికి మాత్రం ఇస్ఫహాన్ పక్కనే స్థలమిచ్చి, చర్చీలు కట్టుకొనే స్వేచ్ఛను, తమ పెద్ద అయిన ‘కలాంతర్’ ఆధ్వర్యంలో తమ వ్యవహారాలు తామే చూసుకొనే హక్కును, పట్టు వ్యాపారంలో ప్రత్యేక సదుపాయాలను కల్పించాడు. అదే న్యూ జుల్ఫా. అక్కడి వాంక్ ప్రధాన చర్చి గుమ్మటం మసీదు గుమ్మటాన్ని తలపిస్తుంది. లోపలి గోడలపై ఇరానీ రంగు పలకలు, బైబిలు చిత్రాలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఇరాన్‌లో తొలి అచ్చు యంత్రం నెలకొన్నది కూడా ఇక్కడే. 1638లో అది ఆర్మీనియన్ భాషలో కీర్తనల గ్రంథాన్ని ముద్రించింది.

న్యూ జుల్ఫా వర్తకులు భారతదేశంలో సూరత్, మద్రాసు, కలకత్తా వంటి నగరాలకు, గోల్కొండ రాజ్యపు రేవు అయిన మచిలీపట్నానికి చేరుకున్నారు. హైదరాబాదులోని ఉప్పుగూడ వద్ద వున్న 17వ శతాబ్దపు ఆర్మీనియన్ సమాధులు ఆ రాకపోకలకు మిగిలిన గుర్తులు. 1740లలో నాదిర్ షా విధించిన భారీ పన్నులకు తాళలేక మరెందరో ఇరాన్ విడిచిపోయారు. ప్రపంచంలోనే మొదటి ఆర్మీనియన్ పత్రిక ‘అజ్దరార్’ 1794లో వెలువడింది స్వదేశంలో కాదు, మద్రాసులో. కలకత్తాలో 1821లో వెలసిన ఆర్మీనియన్ కళాశాలకు తర్వాతి కాలంలో ఇరాన్ నుండి కూడా విద్యార్థులు వచ్చారు. ఎక్కడికి వెళ్ళినా చర్చి, బడి, అచ్చు యంత్రం – ఈ మూడింటినీ నిలుపుకోవడం వారి ఆనవాయితీ.

మిల్లత్ విధానం – 1915

ఉస్మానియా సామ్రాజ్యంలో ఆర్మీనియన్లు ఒక ‘మిల్లత్’. వివాహం, వారసత్వం, విద్య వంటి విషయాలు వారి మతాధికారుల చేతిలోనే వుండేవి. వారిని ‘విశ్వాసపాత్రమైన మిల్లత్’ అని పిలిచేవారు. అయితే ఈ ఏర్పాటులో రక్షణ వుంది గాని సమానత్వం లేదు. 19వ శతాబ్దిలో సామ్రాజ్యం బలహీనపడి, యూరపు రాజ్యాల జోక్యం పెరిగి, జాతీయవాదాలు తలెత్తినప్పుడు ఆ రక్షణ కూడా సడలింది.

1915లో, మొదటి ప్రపంచ యుద్ధం మధ్య, ‘ఐక్యతా ప్రగతి సంఘం’ ప్రభుత్వం అనటోలియా ఆర్మీనియన్లను సిరియా ఎడారులకు తరలించింది. హత్యల వల్ల, ఆకలి, రోగాల వల్ల పది లక్షలమంది లేక అంతకు మించి మరణించారని అనేకమంది చరిత్రకారుల అంచనా. ఎక్కువమంది పరిశోధకులు దీనిని జాతి సంహారంగా పరిగణిస్తారు. టర్కీ ప్రభుత్వం ఆ పేరును అంగీకరించదు. ఈ దారుణంలో పాల్గొన్న ముస్లింలూ వున్నారు, దానిని అడ్డుకున్న ముస్లింలూ వున్నారు. హలబ్ గవర్నరు జలాల్ బే తరలింపును వ్యతిరేకించి కోన్యాకు బదిలీ అయ్యాడు. అక్కడా వేలమందిని ఆపి చివరకు పదవి పోగొట్టుకున్నాడు. మక్కా షరీఫ్ హుసేన్ ఆర్మీనియన్లను తమ వారివలె కాపాడవలసిందిగా అరబ్బు నాయకులకు ఆదేశం పంపాడు. ఈ రెండు సత్యాలలో దేనిని దాచినా చరిత్రకు అన్యాయం చేసినట్లే.

అరబ్బు దేశాలలో పునర్జీవనం

ప్రాణాలతో బయటపడినవారికి హలబ్, బేరూత్ నగరాలు కొత్త నెలవులయ్యాయి. బేరూత్ శివార్లలోని బుర్జ్ హమ్మూద్‌లో గుడిసెలు వేసుకున్న కాందిశీకులు తమ పేటలకు నోర్ మరాష్, నోర్ అదానా, నోర్ సిస్ అని పేర్లు పెట్టుకున్నారు. ‘నోర్’ అంటే కొత్త. పోగొట్టుకున్న ఊళ్ళు ఆ విధంగా వీధుల పేర్లలో బతికాయి. 1939లో అలెగ్జాండ్రెట్టా ప్రాంతం టర్కీకి దక్కినప్పుడు మూసాదాగ్ కొండ గ్రామాలవారు లెబనాన్‌లోని అంజర్‌కు వచ్చి, తమ ఆరు గ్రామాల పేర్లతో ఆరు పేటలు కట్టుకున్నారు.

లెబనాన్ పార్లమెంటులోని 128 స్థానాలలో ఆర్మీనియన్లకు 6 కేటాయించబడ్డాయి. ఇరాన్ మజ్లిస్‌లో వారికి 2 స్థానాలున్నాయి. జెరూసలేంలో వారి పేట శతాబ్దాల నాటిది. 1919లో ఖుబ్బతుస్సఖ్రా రంగు పలకల మరమ్మతు కోసం కుతాహియాకు చెందిన ఆర్మీనియన్ కళాకారుడు డేవిడ్ ఓహనెస్సియన్‌ను పిలిపించారు. ఆ నగరంలో నేటికీ పేరున్న పింగాణీ కళ అప్పటినుండే వేళ్ళూనింది.

మతం మారినవారి మాటేమిటి?

చర్చి సభ్యత్వమే ఆర్మీనియన్ గుర్తింపయితే, ముస్లింలైన ఆర్మీనియన్ల మాటేమిటన్న ప్రశ్న తలెత్తుతుంది. నల్లసముద్ర తీరంలోని హోపా ప్రాంతపు హెమ్షిన్లు ముస్లింలు. కాని వారి ఇళ్ళలో మాట్లాడేది ఆర్మీనియన్ మాండలికం. 1915లో ముస్లిం కుటుంబాలలో పెరిగిన అనాథలు కూడా అనేకులు. టర్కీ న్యాయవాది ఫెత్హియే చెతిన్ 2004లో ప్రచురించిన ‘మా అమ్మమ్మ’ అనే గ్రంథంలో, ముస్లింగా బతికిన తన అమ్మమ్మ నిజానికి ఆర్మీనియన్ బాలిక అని, ఆమె అసలు పేరు హెరనూష్ అని వెల్లడించింది. ఆ తర్వాత టర్కీలో ఎన్నో కుటుంబాలు తమ పెద్దల పుట్టుపూర్వోత్తరాలను వెదకసాగాయి. జ్ఞాపకం ఒక్కటే మిగిలినా అది గుర్తింపేనా అన్న చర్చ ఆర్మీనియన్లలో ఇంకా సాగుతూనే వుంది.

నేటి పరీక్ష

లెబనాన్ అంతర్యుద్ధం (1975–90), ఇరాన్‌లో 1979 తర్వాతి వలసలు, 2012లో హలబ్‌కు పాకిన యుద్ధం, 2020 నాటి బేరూత్ రేవు పేలుడు – ఇవన్నీ ఈ పాత కేంద్రాలను బలహీనపరచాయి. అక్కడినుండి వెళ్ళినవారిలో అనేకులు అమెరికా, కెనడా, ఫ్రాన్సులలో స్థిరపడ్డారు. అక్కడ వ్యక్తికి పూర్తి హక్కులున్నాయి, ప్రాణభయం లేదు. అయినా పిల్లలు ఇంటి భాషను మరచిపోతున్నారు. బేరూత్, హలబ్ పేటలలో బడిలోనూ బజారులోనూ వినిపించిన పశ్చిమ ఆర్మీనియన్ భాషను 2010లో యునెస్కో ప్రమాదంలో వున్న భాషల పట్టికలో చేర్చింది. కత్తికి లొంగని భాష సుఖ జీవితంలో సన్నగిల్లుతోంది.

ఏ అల్పసంఖ్యాక వర్గమైనా ఈ చరిత్ర నుండి నేర్చుకోవలసింది వుంది. వ్యక్తికి రక్షణ లేనిచోట బడులూ ప్రార్థనాలయాలూ ఎవరినీ కాపాడలేవు. 1915 దానికి సాక్ష్యం. బడి, భాష లేనిచోట వ్యక్తి క్షేమంగానే వుంటాడు గాని, సమాజం మెల్లగా కరిగిపోతుంది. ఆశ్రయమిచ్చే సమాజం ఈ రెండింటికీ చోటివ్వాలి. ఆశ్రయం పొందిన సమాజం తన బడిని తానే నిలుపుకోవాలి. మొదటిది అధిక సంఖ్యాకుల ధర్మం, రెండవది అల్ప సంఖ్యాకుల బాధ్యత.