షెడ్డు కట్టేముందు నేల వాలు చూడండి



కోళ్ల షెడ్డుకో, ఎరువుల గోదాముకో రుణం కోరి వచ్చేవారు ఇటుక, ఇనుము, రేకుల ధరలు లెక్కగట్టి తెస్తారు. స్థలం వాలు ఎంత అని అడిగితే మాత్రం చెప్పలేరు. నేను తనిఖీకి వెళ్లిన ఒక షెడ్డును, రోడ్డు పక్కన ఉన్నదన్న ఒకే కారణంతో పల్లపు నేలలో కట్టారు. తొలి వానలకే నీరు చేరింది. కోళ్లు పోయాయి, వాయిదాలు మిగిలాయి.

వాలు కొలవడం మీ చేతిలోని పనే. 12 మీటర్ల పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టంలో గాలి బుడగలు లేకుండా నీరు నింపండి. రెండు కొసలను అడుగు నుండి సెంటీమీటర్ల గుర్తులు పెట్టిన రెండు కర్రలకు కట్టి, 10 మీటర్ల దూరంలో నిలపండి. నీటి మట్టం వద్ద అంకెలు చూడండి. ఎక్కువ అంకె వచ్చిన చోటే పల్లం. తేడా 10 సెంటీమీటర్లయితే వాలు 1 శాతం.

తరువాత ఒక మీటరు లోతు గొయ్యి తవ్వండి. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది. అక్కడ పునాదిని ఇంజనీరు నిర్ణయించాలి. గట్టి వాన కురిసిన రోజున వెళ్లి నీరు పారే దారిని గుర్తించండి. కట్టడం ఆ దారికి అడ్డు కారాదు. కోళ్ల షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉంటే లోపలికి ఎండ తక్కువగా పడుతుంది.

ఈ వివరాలతో చిత్తు పటం గీసి దరఖాస్తుకు జతపరచండి. కొలతకు పట్టేది ఒక పూట. రుణం తీరడానికి పట్టేది ఏళ్లు.