బజారు లెక్క - బడి లెక్క

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టుకు పేరుపడ్డ ఊరు. అక్కడ కిలో ఉల్లిపాయలు 28 రూపాయలు అనుకోండి. రెండు కిలోలకు పావుకిలో తక్కువ కొంటే ఎంత ఇవ్వాలి?

కొట్టు దగ్గర కూర్చున్న పిల్ల కాగితం పట్టదు. "రెండు కిలోలు 56. పావుకిలో 7. తీసేస్తే 49" అంటుంది. 50 ఇస్తే రూపాయి తిరిగి ఇస్తుంది.

అదే పిల్లను బడిలో 28ని 1.75తో గుణించమంటే బిక్కమొహం వేస్తుంది. లెక్క ఒకటే. జవాబూ ఒకటే. అయినా బడిలో రాలేదు. "దీనికి చదువు అబ్బదు" అనేస్తారు ఇంట్లో. ఆ ఒక్క మాటతో పిల్ల చదువు ఆగిపోతుంది. నిజంగా ఆ పిల్లకు తెలివి లేదా?

పరిశోధకులు ఏం చూశారు?

బ్రెజిల్ దేశంలో రెసీఫే అనే ఊరు ఉంది. అక్కడ కొబ్బరికాయలు, పళ్లు అమ్మే ఐదుగురు పిల్లల దగ్గరకు పరిశోధకులు వెళ్లారు. కొనేవాళ్లలాగా ధరలు అడిగారు. పిల్లలు నూటికి 98 లెక్కలు సరిగ్గా చెప్పారు. తర్వాత అలాంటి లెక్కలే కాగితం మీద ఇచ్చారు. నూటికి 37 మాత్రమే సరిగ్గా వచ్చాయి. ఈ సంగతి 1985లో అచ్చయింది.

మన దేశంలో ఇదే పని ఇంకా పెద్దగా జరిగింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో 2019లో నోబెల్ బహుమతి అందుకున్న ఆర్థిక శాస్త్రవేత్తలు. వారి బృందం కలకత్తా, ఢిల్లీ బజార్లలో పనిచేసే 1,400 మందికి పైగా పిల్లల్ని పరీక్షించింది. ఫలితాలు 2025లో వచ్చాయి. బజారు పిల్లలు బేరం లెక్కలు నోటితో చెప్పారు. బడి లెక్కల్లో చాలామంది తడబడ్డారు. బడి పిల్లలది తలకిందుల కథ. కాగితం మీద కొంత నయం. బజారు లెక్క ఇస్తే చిక్కుపడ్డారు.

అంటే ఒకచోట నేర్చింది ఇంకోచోటికి దానంతట అది రాదు. మధ్యలో ఎవరో వంతెన వేయాలి.

రెండూ కావాలి

బజారు లెక్క చాలు కదా, బడి ఎందుకు అనకూడదు. నోటి లెక్క తెలిసిన సరుకు వరకే సాగుతుంది. బ్యాంకు అప్పు కాగితం చదవాలంటే రాత లెక్క కావాలి. అప్పు ఇచ్చేవాడు "నూటికి రెండు రూపాయలు" అంటాడు. అది నెలకు. 10,000 అప్పుకు నెలకు 200, ఏడాదికి 2,400 వడ్డీ. పుస్తకంలో దీన్నే "ఏడాదికి 24 శాతం" అంటారు. ఈ రెండు మాటలూ ఒకటేనని తెలిసిన పిల్లను ఎవరూ మోసం చేయలేరు.

6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు బడి చదువు హక్కు. ఆ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది.

కొల్లేరూ ఒక పాఠమే

లెక్కలే కాదు, మిగతా పాఠాలూ అంతే. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు కొల్లేటిలోకి వస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి తీసుకుపోతుంది. సరస్సులో నీరు తగ్గితే ఉప్పునీరు వెనక్కి ఎగదన్నుతుంది. ఈ సంగతి లంక గ్రామాల పిల్లలకు నీటి రుచి వల్లే తెలుసు. ఆటపాకలో గూడబాతులు ఎప్పుడు గూళ్లు కడతాయో కూడా చూసి చెబుతారు. భూగోళం, సైన్సు పాఠాల్లో ఉన్నది ఇదే. ఆ మాట వారికి ఎవరైనా చెప్పాలి.

అమ్మ ఏం చేయొచ్చు?

ఏలూరు బజారుకు వెళ్లి వచ్చాక పిల్లను కూర్చోబెట్టండి. కొన్న సరుకులు, ధరలు పలక మీద రాయించండి. ముందు నోటితో చెప్పించండి. తర్వాత బడిలో నేర్పినట్టు వేయించండి. రెండు జవాబులూ కలిశాయా చూడమనండి. కలవకపోతే ఎక్కడ తేడా వచ్చిందో ఇద్దరూ వెతకండి. పలక మీద రాయడం మీకూ అలవాటవుతుంది.

ఆలోచించండి

1. మీరు నోటితో వేసే లెక్కలు ఏవి? ఒకటి రాయండి.
2. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ఎంత శాతం?
3. మీ ఊళ్లో చదువు మానేసిన ఆడపిల్లలు ఉన్నారా? ఎందుకు మానేశారు? అందరూ కలిసి మాట్లాడుకోండి.