రీస్టార్ట్ నొక్కితే లోపల ఏం జరుగుతుంది?

పోయిన ఎపిసోడ్‌లో "హాల్ట్ వేరు, పవర్ ఆఫ్ వేరు" అన్నాను కదా, అది వివరంగా రాయమని కొందరు అడిగారు. నేను కంప్యూటర్ ఇంజినీర్‌ని కాదు. ఐటీఐ చేసి, ఇక్కడ పిస్కాటవేలో కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నా. కానీ మన పని గంటలన్నీ ఇప్పుడు సైట్ ఆఫీసు కంప్యూటర్లోనే ఉంటున్నాయి. అందుకే ఇది మనకీ కావాల్సిన సంగతే.

ఏ ప్రోగ్రామూ మెషీన్‌ని తనంతట తాను ఆపలేదు. ఆపరేటింగ్ సిస్టమ్ నడిమధ్యలో ఉండే కెర్నెల్‌ని అడగాలి. ఆ అడగడాన్నే సిస్టమ్ కాల్ అంటారు. లైనక్స్‌లో దాని పేరు రీబూట్. అందరూ అడగడానికి లేదు, ప్రత్యేక అనుమతి ఉండాలి. పొరపాటున జరగకుండా రెండు ప్రత్యేక నంబర్లు కూడా ఇవ్వాలి. అందులో ఒకటి 672274793. హెక్సాడెసిమల్‌లోకి మారిస్తే అది 28121969 అవుతుంది. అంటే లైనక్స్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ పుట్టినరోజు!

ఈ కాల్‌తో ముఖ్యంగా మూడు పనులు చెప్పొచ్చు. రీస్టార్ట్ అంటే మళ్లీ మొదలవుతుంది. హాల్ట్ అంటే పని ఆగుతుంది, కరెంటు మాత్రం ఉండొచ్చు. పవర్ ఆఫ్ అంటే వీలైతే కరెంటు కూడా తీసేస్తుంది.

అసలు విషయం ఇక్కడుంది. ఈ కాల్ దేన్నీ సేవ్ చేయదు. మనం టైప్ చేసింది కాసేపు మెమరీలోనే ఉంటుంది. దాన్ని డిస్క్‌లోకి పంపే పనికి సింక్ అని వేరే కాల్ ఉంది. మెనూలో రీస్టార్ట్ నొక్కితే ముందు ప్రోగ్రాములకు "ముగించండి" అని కబురు వెళ్తుంది, వినని వాటిని బలవంతంగా ఆపుతుంది, డేటా డిస్క్‌కి చేరుతుంది, చివర్లోనే రీబూట్ కాల్. ప్లగ్గు పీకితే ఇవేవీ జరగవు.

ఇంతకుముందు పనిచేసిన ఒక సైట్‌లో సాయంత్రం తొందరలో ఎవరో జనరేటర్ ఆపేశారు. పన్నెండు మంది గంటలు ఎక్కించిన షీటు మర్నాడు తెరుచుకోలేదు. కాగితం మీద రాసుకున్నవాళ్ల లెక్క వెంటనే తేలింది. మిగతావాళ్లు ఓవర్‌టైమ్ కోసం రెండు వారాలు తిరిగారు.

ఇంకో ముచ్చట. మా ఊళ్లో హోస్ లేన్‌లో ఐఇఇఇ ఆఫీసు ఉంది. యూనిక్స్ తరహా సిస్టమ్‌లకు ఉమ్మడి రూల్స్ అయిన పోసిక్స్‌ని 1988లో తెచ్చింది ఆ సంస్థే. ఆ రూల్స్‌లో రీబూట్ కాల్ లేదు. లైనక్స్‌ది ఒక పద్ధతి, విండోస్‌ది ఇంకో పద్ధతి.

ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నదీ లైనక్స్ కెర్నెలే. ఫోన్ కదలకపోతే ముందు మెనూలో రీస్టార్ట్ నొక్కి కాస్త ఆగండి. పవర్ బటన్ అదిమిపట్టి ఆపడం ఆఖరి మార్గం. జనరేటర్ ఆపేముందు కంప్యూటర్ షట్‌డౌన్ అయిందో లేదో చూడండి. మీ గంటలు మాత్రం రోజూ మీ డైరీలో కూడా రాసుకోండి. ఆ లెక్కకి కరెంటు అక్కర్లేదు.